కొత్త జంట, పట్నంలో తొలిరోజు

పెళ్ళయిన కొత్తలో ఆలుమగలిద్దరే ఊరు దాటి వెళ్ళడం డెబ్భైల్లో మా రేపల్లె వైపు ఇళ్ళలో ఇంకా అలవాటు కాలేదు. తిరుపతి వెళ్ళాలన్నా, పెనుమూడి రేవు దాటి మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామిని చూసి రావాలన్నా వెంట పెద్దవాళ్ళు ఉండాల్సిందే. పెద్దవాళ్ళకి కుదరకపోతే పెళ్ళికూతురి తమ్ముణ్ణో చెల్లెల్నో తోడిచ్చి పంపేవాళ్ళు. 1978 వేసవిలో మా అక్క, బావ హైదరాబాదు చూడటానికి వెళ్ళినప్పుడు అలా తోడు వెళ్ళింది నేను. అప్పటికి నాకు పదేళ్ళు. బడికి సెలవులు. పట్నం చూడబోతున్నానన్న సంబరం తప్ప, కొత్త దంపతుల మధ్య నేనెందుకన్న ఆలోచన నాకు గాని, నన్ను పంపించినవాళ్ళకి గాని రాలేదు. అది అంత మామూలు విషయం.

ఆ ప్రయాణం వెనక ఒక కారణం ఉంది. బావ వాళ్ళది ఏటి అవతల, దివిసీమ. అక్క పెళ్ళి నిజానికి 1977 మార్గశిరంలో జరగాలి. నవంబరు 19న ఉప్పెన వచ్చింది. మా ఒడ్డున కూడా ఇళ్ళు కూలాయి, కోతకొచ్చిన వరి నీళ్ళపాలయింది, సముద్రం దగ్గరి పల్లెల్లో మనుషులు పోయారు. అయినా అవతలి ఒడ్డున జరిగిన దానితో పోలిస్తే మేం బతికి బయటపడినట్టే. అక్కడ వేలమంది ఒక్క రాత్రిలో పోయారు. ముహూర్తం వైశాఖానికి వాయిదా పడింది. పందిట్లో వాయిద్యాలు తగ్గించారు. బావ ఆ ఊరి బళ్ళో మేష్టారు. మంచివాడు, నెమ్మదస్తుడు అని సంబంధం కుదిరినప్పుడు చెప్పుకున్నారు. పెళ్ళయ్యాక చూస్తే నెమ్మది కాదు, మాటే లేదు. అడిగినదానికి జవాబు చెప్పేవాడు, అంతే. అన్నం ముందు కూర్చుని నాలుగు ముద్దలు తిని లేచిపోయేవాడు. మూడు నిద్రలకి మా ఇంటికి వచ్చినప్పుడు అదంతా మా అమ్మ కనిపెట్టింది. ఆషాఢం వచ్చిందంటే అక్క పుట్టింటికి వచ్చేస్తుంది, నెల్లాళ్ళు ఎడబాటు. ఈలోపు ఇద్దరూ ఎక్కడికైనా వెళ్ళొస్తే బాగుండునని నాన్నతో అంది. నాన్న హైదరాబాదులో ఉన్న బాబాయికి ఇన్‌లాండ్ లెటర్ రాశాడు. "పిల్లల్ని పంపించండి, నేనున్నాను" అని తిరుగు టపాలో జవాబు వచ్చింది. హోటల్ అన్న ఆలోచన ఎవరి బుర్రలోనూ లేదు. పట్నంలో మనవాళ్ళుండగా డబ్బిచ్చి వేరేచోట దిగడమంటే వాళ్ళని అవమానించినట్టే.

సామాను సంగతి చెప్పాలి. ఒక హోల్డాలు, ఒక ట్రంకుపెట్టె, బట్టలకి అంతే. మిగిలినదంతా పిన్ని వాళ్ళింటికి. కొత్తావకాయ అప్పుడే కలిపారు, అదొక జాడీ. మాగాయ ఇంకో జాడీ. గుడ్డతో వాసెన కట్టి, మూత చుట్టూ పురికొస బిగించి, బండిలో ఒరిగిపోకుండా గోనెసంచిలో గడ్డి చుట్టి పెట్టారు. సున్నుండల డబ్బా, పేరిన నెయ్యి, గోంగూర పచ్చడి, ఒక అత్తం చక్రకేళి అరటిపళ్ళు, సంచిలో బియ్యం. పట్నంలో బియ్యం దొరకవా అని బావ అడగలేదుగానీ, ఇప్పుడు నాకు తెలుస్తోంది. బాబాయి గుమాస్తా జీతం మీద ముగ్గురు అదనంగా తింటే బరువవుతుందని నాన్నకి తెలుసు. డబ్బిస్తే తీసుకోరు. బియ్యం అయితే కాదనలేరు. ఆ మర్యాద ఎవరూ నోటితో చెప్పకుండానే జరిగిపోయేది. ఇంక మరచెంబు నా చేతికిచ్చారు. ఇత్తడి చెంబు, మర తిప్పే మూత, పైన పట్టుకోవడానికి కడియం. బండిలో నీళ్ళ బాధ్యత తోడు వెళ్ళేవాడిది.

రేపల్లె నుంచి తెనాలికి బొగ్గింజను ప్యాసింజరు. 34 కిలోమీటర్ల దారి. పల్లికోన, భట్టిప్రోలు, పెనుమర్రు, వేమూరు, జంపని, చినరావూరు అని ఆగి ఆగి వెళ్ళేది. బండిలో సగం మంది తెలిసినవాళ్ళే. "ఎక్కడికర్రా?" అని అడగటం, "హైదరాబాదు చూడటానికి" అని నేను గట్టిగా చెప్పడం, అక్క తలొంచుకోవడం. భట్టిప్రోలు దగ్గర బండి ఆగినప్పుడు బావ కిటికీలోంచి వేలు చూపించి, అక్కడొక బౌద్ధస్తూపం ఉందని, 1892లో తవ్వితే అక్షరాలు చెక్కిన రాతి భరిణెలు దొరికాయని చెప్పాడు. క్రీస్తు పుట్టకముందు నాటి అక్షరాలు. పెళ్ళయ్యాక బావ నాతో అన్న పొడుగాటి మాట అదే. దాని పక్కనుంచే ఎన్నోసార్లు వెళ్ళినా ఆ దిబ్బ ఎక్కి చూడాలని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు. చరిత్ర అంటే దూరంగా, పట్నంలో ఉంటుందని మా నమ్మకం. తెనాలిలో బండి మారి బెజవాడ, బెజవాడలో రాత్రి బండి, వరంగల్లు, కాజీపేట మీదుగా తెల్లారేసరికి హైదరాబాదు. రేపల్లె నుంచి ఒక్క రాత్రిలో నేరుగా పట్నం చేర్చే డెల్టా ప్యాసింజరు ఆ తర్వాతి కాలం సంగతి.

నాంపల్లి స్టేషనుకి బాబాయి వచ్చాడు. సైకిల్ రిక్షాలు రెండు మాట్లాడాడు. ఒకదాంట్లో అక్కా బావా, రెండోదాంట్లో జాడీలూ, బాబాయీ, నేనూ. నారాయణగూడలో ఒక పెద్ద లోగిలి, దాని చుట్టూ వాటాలు. బాబాయి వాళ్ళది ఒక గది, వెనక వంటిల్లు, ముందు చిన్న వరండా. మధ్యలో అందరికీ కలిపి ఒక కుళాయి. నీళ్ళు వచ్చేది పొద్దున కొంతసేపే. మేం దిగేసరికి పిన్ని మా ముగ్గురి స్నానాలకీ కాగులు నింపి పెట్టేసింది. పక్క వాటా ఆవిడ తన బిందె పక్కకి జరిపి, "మీ ఇంటికి కొత్తపెళ్ళికూతురు వచ్చిందిగా, ముందు మీరు పట్టుకోండి" అందిట. వాటాలవాళ్ళందరూ వరసగా వచ్చి అక్కకి బొట్టు పెట్టి వెళ్ళారు. తెలంగాణ యాస, కన్నడం కలిసిన తెలుగు, మధ్య మధ్య ఉర్దూ. అక్కకి సగం అర్థం కాలేదుగానీ, నవ్వుతూ కూర్చుంది.

బాబాయి ఆ రోజు ఆఫీసుకి సెలవు పెట్టాడు. సంవత్సరానికి వచ్చే ఆ కొద్దిపాటి సెలవుల్లోనే ఊరినుంచి ఎవరొచ్చినా పట్నం చూపించేవాడు. ఏది ఏ పూట చూడాలో ఆయనకి కంఠతా వచ్చు. "సాలార్‌జంగ్ మ్యూజియం ముందు. పన్నెండు కొట్టేవేళకి గడియారం దగ్గరుండాలి. ఒంటిగంటకి వెళ్తే ఒక్కసారే కొడతాడు, పన్నెండింటికైతే పన్నెండు సార్లు చూడొచ్చు." పిన్ని పులిహోర, పెరుగన్నం స్టీలు క్యారేజీలో సర్ది ఇచ్చింది. చంటిపిల్లతో తను ఇంట్లోనే ఉండిపోయింది.

అబిడ్స్‌లో డబుల్ డెక్కర్ ఎక్కాం. పైఅంతస్తులో ముందు సీటు నాకు. అఫ్జల్‌గంజ్‌లో దిగాక బాబాయి మమ్మల్ని ముందు నయాపూల్ వైపు కాక, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోకి తీసుకెళ్ళాడు. మూసీ వైపున ఉన్న ఒక పెద్ద చింతచెట్టు చూపించాడు. ఊళ్ళో చింతచెట్లు చూడలేదా అని నాకు విసుగేసింది. ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. 1908 సెప్టెంబరు 28న మూసీకి వరద వచ్చి అఫ్జల్‌గంజ్ పేటలు పేటలే కొట్టుకుపోయాయి. ఆ చెట్టు కొమ్మలు పట్టుకుని 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారట. ఉర్దూ రుబాయీలకి పేరుపడిన కవి అమ్జద్ హైదరాబాదీ తల్లినీ, భార్యనీ, కూతుర్నీ ఆ వరదలోనే పోగొట్టుకుని తనొక్కడే మిగిలాడు. అంతవరకూ చెప్పి, ఎదురుగా ఉన్నది ఎవరో గుర్తొచ్చి బాబాయి ఆగిపోయాడు. అక్క ముఖం పాలిపోయింది.

"చెప్పండి మామయ్యగారూ" అన్నాడు బావ.

చెట్టు మొదలు దగ్గరికి వెళ్ళి బెరడు మీద అరచెయ్యి ఆనించాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత, "దీనిమీద బతికినవాళ్ళు నీళ్ళు తీశాక ఎక్కడికి వెళ్ళారండీ?" అని అడిగాడు.

"ఎక్కడికీ వెళ్ళలేదు అల్లుడుగారూ. ఎక్కువమంది ఇక్కడే మళ్ళీ ఇళ్ళు కట్టుకున్నారు" అన్నాడు బాబాయి. మళ్ళీ అలాంటి వరద రాకుండా విశ్వేశ్వరయ్యని పిలిపించి పథకం వేయించారని, ఏటికి ఎగువన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ చెరువులు కట్టారని చెప్పాడు. ఒకటి 1920లో, ఒకటి 1927లో పూర్తయ్యాయి. మేం పొద్దున నారాయణగూడలో స్నానం చేసిన నీళ్ళు కూడా అలాంటి చెరువుల్లోవే అన్నాడు. బావ ఆ మాట శ్రద్ధగా విన్నాడు. అక్కడినుంచి వంతెన దాటేదాకా ఏమీ మాట్లాడలేదు.

మ్యూజియంలో నాకు బాగా గుర్తున్నది గడియారమే. కలకత్తా కుక్ అండ్ కెల్వీ కంపెనీ వాళ్ళు అమర్చిన గడియారం. దాని ముందు నేలమీద వందమంది కూర్చుని ఉన్నారు. సగం మంది మనవైపు వాళ్ళే. ముహూర్తాల రోజులేమో, పసుపుతాళ్ళతో, పారాణి ఆరని కాళ్ళతో కొత్తజంటలు ఎన్నో. ప్రతి జంట వెంటా నాలాంటి వాడు ఒకడు. పన్నెండవుతుండగా తలుపు తెరుచుకుని గడ్డపు బొమ్మ బయటికి వచ్చి గంట మీద కొట్టడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు అని పిల్లలమంతా గట్టిగా లెక్కపెట్టాం. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన మేలిముసుగు రెబెక్కా పాలరాతి బొమ్మ దగ్గర అక్క చాలాసేపు నిలబడిపోయింది. రాతిలో పలచటి ముసుగు, ముసుగులోంచి ముఖం. "తడిబట్టలా ఉంది కదండీ" అని బావతో అంది. అందరిముందూ ఆయనతో తనంతట తాను మాట్లాడటం నేను చూసింది అదే మొదటిసారి.

పత్తర్‌గట్టి మీదుగా నడుస్తూ చార్మినార్ చేరేసరికి ఎండ దంచేస్తోంది. ఒక ఇరానీ హోటల్లోకి వెళ్ళాం. ఇప్పటివాళ్ళకి ఆ హోటళ్ళ అమరిక తెలియదు. పాలరాతి పలకల బల్లలు, వంపు వీపుల చెక్క కుర్చీలు, గోడల నిండా అద్దాలు. ఆడవాళ్ళతో వచ్చినవాళ్ళ కోసం ఒక పక్కన చెక్క అడ్డులు పెట్టి, ముందు తెర వేలాడదీసిన చిన్న చిన్న అరలుండేవి. బాబాయి ఆ తెర తొలగించి అక్కనీ బావనీ లోపల కూర్చోబెట్టాడు. నేనూ దూరబోతుంటే భుజం పట్టుకుని ఆపాడు. "ఒరేయ్ చిన్నా, నువ్వు నాతో రారా, సమోసా తిందాం" అన్నాడు. లోపలికి రెండు చాయ్‌లు, ఒక ప్లేటు ఉస్మానియా బిస్కట్లు పంపించి, తెర దించేసి, నన్ను దూరంగా వీధి వైపు బల్ల దగ్గరికి తీసుకుపోయాడు. నాకు ఒక సమోసా అయ్యాక ఇంకొకటి, తర్వాత లుఖ్మీ, తర్వాత ఇంకో చాయ్ చెప్పాడు. ఆయన చాయ్ సాసర్లో పోసుకుని ఎంత నెమ్మదిగా తాగాడంటే, నాకు విసుగొచ్చి ఆ బల్ల మీది గాజు సీసాలో బిస్కట్లు లెక్కపెట్టాను. అర్ధగంట దాటింది. సర్వరు రెండుసార్లు అటు వెళ్ళబోతే చేత్తో సైగ చేసి ఆపాడు.

ఆ తెర వెనక ఏం జరిగిందో నాకు చాలా ఏళ్ళ తర్వాత అక్క చెప్పింది. బావ ఉప్పెన రాత్రి సంగతి చెప్పాడట. బడి స్లాబు మీదికి ఎక్కినవాళ్ళు మిగిలారు. బావ నాయనమ్మని ఎత్తుకుని బడిదాకా వచ్చాడు. పైనున్నవాళ్ళకి అందించేలోపు చేతుల్లోంచి నీళ్ళు లాక్కుపోయాయి. తెల్లారాక చూస్తే ఊరు లేదు. ఎవరి ఇల్లు ఎక్కడుండేదో నూతుల్ని బట్టి పోల్చుకున్నారు. పోయినవాళ్ళని మోసి మోసి, ఎవరిని మోశాడో కొన్నాళ్ళకి గుర్తులేకుండా పోయింది. నాయనమ్మ సంగతి ఇంట్లోవాళ్ళకి కూడా అలా విడమరచి చెప్పలేదు, వాళ్ళ నాన్న తట్టుకోలేడని. చెప్పినంతసేపూ చాయ్ ముట్టుకోలేదు, మీగడ కట్టిపోయింది. అక్క ఏమీ అనలేదట. బల్ల మీద ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుందట. "మన ఇంట్లో అయితే ఎక్కడ కూర్చుని వినేదాన్ని? ఒక పక్క అమ్మ, ఒక పక్క నువ్వు" అంది నాతో.

బాబాయికి ఇవేవీ తెలియవు. చింతచెట్టు దగ్గర అల్లుడి ముఖం చూసి, వాళ్ళకి ఒక చోటు కావాలని మాత్రం అర్థం చేసుకున్నాడు. తర్వాత కూడా ఎవరితోనూ ఆ ప్రస్తావన తేలేదు. నా దృష్టిలో ఆ రోజు చూసినవాటన్నిటికంటే గొప్ప సంగతి అదే.

లాడ్ బజార్‌లో గాజుల కొట్టు ముందు కూర్చున్నాం. కొట్టు వెనకే చేసే చోటు. బొగ్గుల కుంపటి మీద లక్క మెత్తబరిచి, సన్నగా సాగదీసి, గుండ్రంగా వంచి, వేడి ఆరకముందే ఒక్కొక్క రాయీ చిమటాతో అద్దుతున్నాడు ఒక కుర్రవాడు. వాడు నా ఈడువాడే. తల ఎత్తకుండా చేస్తున్నాడు. కొట్టాయన అక్క చేతి పెళ్ళిగాజులు తీయమన్నాడు. అక్క తీయనంది. "తీయొద్దులే బేటీ" అని ఆయనే ఆ ఆకుపచ్చ మట్టిగాజులకి అటూ ఇటూ లక్కగాజులు ఒక్కటి కూడా చిట్లకుండా ఎక్కించాడు. బేరం బాబాయి ఉర్దూలో చేశాడు. డబ్బు బావ ఇచ్చాడు.

1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన చార్మినార్ ముందు ఫోటో తీసుకోవాలని బావ తన తోటి మేష్టారి దగ్గర ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరా అడిగి తెచ్చాడు. ఆ కెమెరాలో ఒక రీలుకి పన్నెండే బొమ్మలు. గోల్కొండకి, జంతుప్రదర్శనశాలకి, కొత్తగా కట్టిన బిర్లా మందిరానికి మిగలాలి. అందుకని ప్రతి బొమ్మకీ పెద్ద ఆలోచన. సూర్యుడు ఎటున్నాడు, కొంగు సరిగా ఉందా, గాజులు కనిపిస్తున్నాయా. బాబాయి నన్ను పక్కకి రమ్మని, వాళ్ళిద్దర్నే నిలబెట్టి ఒకటి తీశాడు. బావ ఊరుకోలేదు. నన్ను పిలిచి మధ్యలో నిలబెట్టుకుని ఇంకోటి తీయించాడు. రెండు బొమ్మలూ అక్క ఇంట్లో ఉన్నాయి. మొదటిదాంట్లో ఇద్దరూ కెమెరా వైపు బిగుసుకుని చూస్తున్నారు. రెండోదాంట్లో బావ నవ్వుతున్నాడు.

రాత్రి ఇంటికొచ్చాక బావ మా ఆవకాయతో రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. పిన్ని గదిలో కొత్త దుప్పటి పరిచి, మరచెంబు నిండా నీళ్ళు పెట్టి, చంటిపిల్లని చంకనేసుకుని, బాబాయినీ నన్నూ తీసుకుని డాబా ఎక్కింది. లోగిలిలో సగం మంది వేసవిలో డాబా మీదే పడుకునేవాళ్ళు. ఉన్న ఒక్క గదీ మాకిచ్చి తాము పైకి వెళ్తున్నామని వాళ్ళు అనలేదు. "పైన గాలి బాగుంటుంది" అంది పిన్ని. మేం ఉన్నన్నాళ్ళూ అంతే.

ఆ రోజులు అన్నివిధాలా మంచివని నేను అనను. కొత్తగా పెళ్ళయిన ఇద్దరు మనసువిప్పి మాట్లాడుకోవడానికి పట్నం దాకా వెళ్ళి, ఒక తెర వెనక అర్ధగంట దొరికితే పొంగిపోవాల్సి రావడం మంచి సంగతేమీ కాదు. ఇప్పటి పిల్లలు ఇద్దరే వెళ్తున్నారు, తమకంటూ ఒక గది ఉంటోంది. అది రావాల్సిన మార్పే. నాకు బాధగా ఉన్నది వేరే. ఊరినుంచి ఎవరు దిగినా సెలవు పెట్టి, స్టేషనుకి వచ్చి, ఉన్న ఒక్క గదీ ఇచ్చి, ఏ గంటకి ఏది చూడాలో దగ్గరుండి చూపించిన బాబాయిలూ పిన్నులూ ప్రతి కుటుంబానికీ పట్నంలో ఒకరుండేవారు. ఏడాది పొడుగునా ఎవరో ఒకరు దిగుతూనే ఉండేవారు. వాళ్ళు ఎన్ని రాత్రులు డాబా మీద పడుకున్నారో ఎవరూ అడగలేదు. అలా దిగడం ఆగిపోయాక, వాళ్ళని చూడటానికి వెళ్ళడం కూడా ఆగిపోయింది. మా బాబాయి రిటైరయ్యాక ఆయన ఇంటికి మావాళ్ళు వెళ్ళింది తక్కువ. బావ మాత్రం ప్రతి ఏడూ కొత్తావకాయ జాడీ పట్టుకుని స్వయంగా వెళ్ళొచ్చేవాడు, ఆయన ఉన్నంతకాలం.

నారాయణగూడ లోగిలి ఇప్పుడు లేదు, అక్కడ అపార్టుమెంట్లు లేచాయి. డబుల్ డెక్కర్లు 2003 ప్రాంతంలో ఆపేశారు. పెనుమూడి నుంచి పులిగడ్డకి ఇప్పుడు వారధి ఉంది, అక్కా బావా కారులో అటూ ఇటూ తిరుగుతున్నారు. చింతచెట్టు ఆసుపత్రి ఆవరణలో ఉంది, వెళ్ళినవాళ్ళు చూడొచ్చు.

మీ పెళ్ళయిన కొత్తలో మీకు గది ఇచ్చి తాము డాబా మీద పడుకున్నవాళ్ళు ఎవరైనా ఇంకా ఉంటే, ఈ సంక్రాంతి లోపల ఒకసారి వాళ్ళింటికి వెళ్ళిరండి.